డబుల్ ఓటీ అంటే దేనికి డబుల్? ఓవర్‌టైమ్ లెక్క, దానికి హక్కుదారులు

నెలకు 18,000 రూపాయల జీతం ఉన్న ఒక ఫ్యాక్టరీ ఆపరేటర్ పేస్లిప్పును ఉదాహరణగా తీసుకుందాం. బేసిక్ 9,000, డీఏ 5,000, ఇంటి అద్దె భత్యం 2,800, రవాణా భత్యం 1,200. ఆ నెల 24 గంటల ఓటీ చేస్తే చేతికి వచ్చింది 1,800 రూపాయలు. ఇదేమిటని అడిగితే ‘డబుల్ రేటే వేశాం’ అంటారు. వాళ్ల లెక్కలో అది నిజమే. బేసిక్ 9,000ను 240తో (30 రోజులు, 8 గంటలు) భాగించి, వచ్చిన 37.50ని రెట్టింపు చేసి గంటకు 75 రూపాయలు కట్టారు. కానీ 18,000ను 26 రోజులతో, ఆపైన 8 గంటలతో భాగిస్తే ఆ మనిషి మామూలు డ్యూటీలో గంటకు సంపాదిస్తున్నది 86.54 రూపాయలు. డబుల్ అని చెప్పి ఇచ్చింది మామూలు గంట కూలికన్నా తక్కువన్నమాట.

ఓటీ అసలే ఇవ్వని యజమానుల సంగతి వేరు, అక్కడ అన్యాయం కంటికి కనిపిస్తుంది. ఇస్తూనే తక్కువ ఇచ్చే చోటే కార్మికుడు ఎక్కువ నష్టపోతాడు, ఎందుకంటే ఎక్కడ కోత పడిందో పేస్లిప్పు చెప్పదు. ఓటీ సొమ్ము మూడు అంకెల గుణకారం: గంటలు, గంట రేటు, రెండు. ‘రెండు’ అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. కోతంతా మొదటి రెండు అంకెల్లోనే ఉంటుంది.

ఏ చట్టం, ఎప్పటి నుంచి

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఓటీకి సంబంధించినవి రెండు: వేతనాల కోడ్ 2019, వృత్తి భద్రత–ఆరోగ్యం–పని పరిస్థితుల కోడ్ 2020 (కింద ‘భద్రతా కోడ్’ అన్నది దీన్నే). 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం, 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం వీటిలో కలిసిపోయాయి. పాత చట్టాల కింద ఉన్న నియమాలు కోడ్‌లకు విరుద్ధం కానంతవరకు, కొత్తవి వచ్చేదాకా కొనసాగుతాయి. రాష్ట్రాల దుకాణాలు, సంస్థల చట్టాలను మాత్రం కోడ్‌లు రద్దు చేయలేదు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 1988 నాటి చట్టమే సవరణలతో నడుస్తోంది.

ఈ తేదీ లెక్కకు ముఖ్యం. నవంబరు 21కి ముందు చేసిన ఓటీకి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ లెక్కే వర్తిస్తుంది, ఆ తర్వాత చేసినదానికి కోడ్‌ల లెక్క. బకాయి అడిగే కార్మికుడు ఆ రెండు కాలాలనూ విడివిడిగా కాగితం మీద పెట్టాలి. రెండింటినీ కలిపి ఒకే రేటు వేస్తే ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

రెట్టింపు రేటును ప్రభుత్వమే ఎత్తేయాలని చూసిన సందర్భం కూడా ఒకటుంది. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం కొవిడ్‌ను కారణంగా చూపి ఫ్యాక్టరీలకు పని గంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది, అదనపు గంటలకు మామూలు రేటు ఇస్తే చాలంది. అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆ కాలానికి చట్టప్రకారం ఓటీ కట్టాలని ఆదేశించింది. అప్పటి గడ్డుకాలంలో కూడా కోర్టు ఒప్పుకోలేదంటే, ‘ఆర్డర్లు లేవు, ఈ మూడు నెలలు సింగిల్ ఓటీకి సర్దుకోండి’ అనే మేనేజరు మాటకు ఏపాటి బలం ఉంటుందో ఊహించుకోవచ్చు.

గంటలు: రోజు లెక్కా, వారం లెక్కా?

ఫ్యాక్టరీల చట్టం మూలపాఠంలో ఉన్నది ఇది: ఏ రోజైనా 9 గంటలు దాటినా, ఏ వారమైనా 48 గంటలు దాటినా, దాటిన సమయానికి రెట్టింపు వేతనం. భద్రతా కోడ్ 27వ సెక్షన్ ఇంకా సూటిగా, రోజు లెక్క, వారం లెక్కల్లో కార్మికుడికి ఏది మేలో అదే తీసుకోవాలంది. ఓటీ చేయించడానికి కార్మికుడి సమ్మతి ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

దీన్ని ఒక వారానికి పెట్టి చూద్దాం. సోమవారం 8 గంటలు, మంగళవారం 11, బుధవారం 8, గురువారం 11, శుక్రవారం 8, శనివారం ఒంట్లో బాగోక రాలేదు. మొత్తం 46. ‘వారానికి 48 దాటలేదుగా, ఓటీ లేదు’ అంటారు. ఇది చాలా చోట్ల వినిపించే మాట, కానీ తప్పు. మంగళవారం 2, గురువారం 2, రోజు లెక్కన 4 గంటల ఓటీ అప్పటికే వచ్చేసింది. శనివారం రాకపోతే ఆ రోజు కూలి పోతుందేమోగాని, మంగళవారం చేసిన పని చెరిగిపోదు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఆరు రోజులూ 9 గంటల చొప్పున పని చేస్తే రోజు లెక్కన ఓటీ సున్నా. వారం మొత్తం 54, కాబట్టి వారం లెక్కన 6 గంటలు. ఇక్కడ వారం లెక్కే వేయాలి. రెండు రోజులు 11, నాలుగు రోజులు 8 చేస్తే రోజు లెక్కన 4, వారం లెక్కన 6 వస్తాయి. కట్టాల్సింది 6 గంటలకు. రెండూ కలిపి 10 అడిగితే చెల్లదు, ఒకే గంటకు రెండుసార్లు ఓటీ రాదు.

‘వారం’ ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. ఫ్యాక్టరీల చట్టంలో వారం అంటే శనివారం అర్ధరాత్రి నుంచి ఏడు రోజులు (చీఫ్ ఇన్‌స్పెక్టర్ వేరే రాత్రిని ఆమోదిస్తే తప్ప). ఆదివారం పిలిపించి 8 గంటలు చేయించుకుని, సోమవారం నుంచి శనివారం దాకా మామూలు డ్యూటీలూ చేయిస్తే అదే వారంలో 56 గంటలవుతాయి, 8 గంటల ఓటీ వస్తుంది. దానికి బదులు ‘కాంప్ ఆఫ్ ఇచ్చాం’ అనడం పరిపాటి. బదులు సెలవు అదే వారంలో ఇస్తే గంటలు 48కే ఆగుతాయి, ఓటీ రాదు. వచ్చే నెలలో ఎప్పుడో ఇస్తే అది పోయిన విశ్రాంతికి పరిహారమే అవుతుంది, 48 దాటిన గంటల డబ్బును అది తీర్చదు.

నైట్ షిఫ్టు దగ్గర ఇంకో కోత పడుతుంది. రాత్రి 10కి ఎక్కినవారు ఉదయం 6కి దిగాల్సి ఉండగా రిలీవర్ రాక 10 దాకా ఆగారనుకుందాం. బయోమెట్రిక్ సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి 12 దగ్గర రోజును కోసేసి మొదటి రోజుకు 2 గంటలు, రెండో రోజుకు 10 గంటలు చూపిస్తుంది. రోజు లెక్కన ఒక్క గంటే ఓటీ తేలుతుంది. అర్ధరాత్రి దాటిన షిఫ్టు గంటలను ముందు రోజు గంటలుగానే లెక్కించాలని ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అప్పుడు అది ఒకే రోజు 12 గంటల డ్యూటీ, రోజు లెక్కన 3 గంటల ఓటీ. చాలా చోట్ల దీన్ని ఎవరూ కావాలని చేయరు, సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఆ సెట్టింగ్ ఎవరూ చూడకపోవడం వల్ల జరుగుతుంది. కానీ జీతంలో కోత మాత్రం నెలనెలా పడుతూనే ఉంటుంది.

8వ గంటకూ 9వ గంటకూ మధ్య ఉన్న గంట సంగతి వేరు. నియామక పత్రంలో షిఫ్టు 8 గంటలని ఉండి ఒక రోజు 9 గంటలు చేయించుకుంటే, వారం 48 దాటనంతవరకు ఆ గంటకు పాత చట్టం కింద రెట్టింపు రాదు, మామూలు రేటు వస్తుంది. ఒప్పందంలోనో సెటిల్‌మెంట్‌లోనో ఎక్కువ రాసుకుని ఉంటే అది వస్తుంది. భద్రతా కోడ్ 25వ సెక్షన్ రోజు పరిమితినే 8 గంటలుగా పెట్టింది. అయితే ఎన్ని గంటలు దాటాక ఓటీ మొదలవుతుందో నియమాల్లో చెప్పే అధికారాన్ని ప్రభుత్వాలకు వదిలింది.

ఇక షిఫ్టు మార్పిడి నిమిషాలు. ఫార్మా యూనిట్లలో గౌనింగ్ (ప్రత్యేక దుస్తులు వేసుకోవడం), చార్జ్ అప్పగింత, లాగ్‌బుక్‌లో సంతకాలు కలిపి రోజుకు 20 నిమిషాలు పోవడం మామూలే. ‘అరగంటలోపు లెక్కలోకి రాదు’ అనేది కంపెనీలు పెట్టుకున్న నియమం. వేతనాల కోడ్ 14వ సెక్షన్ మాటల్లో గంటకే కాదు, ‘గంటలో భాగానికి’ కూడా ఓటీ ఇవ్వాలి. రోజుకు 20 నిమిషాలంటే వారానికి 2 గంటలు, నెల తిరిగేసరికి 8 గంటల 40 నిమిషాలు. ఒక పూర్తి డ్యూటీకి పైనే. అయితే ఇక్కడ భోజన విరామాన్ని ముందు తేల్చుకోవాలి. షిఫ్టులో అరగంట నిజంగా విడిచిపెడితే అసలు పని ఏడున్నర గంటలే, వారానికి 45. అప్పుడు ఈ 2 గంటలు కలిపినా 47, రెట్టింపు దాకా రాదు, మామూలు రేటే అడగాలి. రియాక్టర్‌ను కనిపెట్టుకుని అక్కడే డబ్బా విప్పుకుని తినే మనిషికి మాత్రం అది విరామం కాదు, డ్యూటీయే. పరీక్ష ఒక్కటే: ఆ అరగంటలో అలారం మోగితే పరిగెత్తాల్సింది ఎవరు?

గంట రేటు: కోత పడేది ఇక్కడే

మొదటి పేస్లిప్పుకు వద్దాం. ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం మామూలు రేటు అంటే బేసిక్, దానితోపాటు కార్మికుడికి అప్పటికి వస్తున్న భత్యాలు. రాయితీ ధరకు ఇచ్చే తిండిగింజల వంటి వాటి విలువనూ కలపాలి. బోనస్, ఓటీ వేతనం రెండింటినే ఆ సెక్షన్ పక్కన పెట్టింది. ఇంటి అద్దె భత్యం తీసేయమని అందులో ఎక్కడా లేదు. కాబట్టి పాత కాలానికి లెక్క 18,000 మీదే: గంటకు 86.54, రెట్టింపు 173.08, 24 గంటలకు దాదాపు 4,154 రూపాయలు. ఇచ్చింది 1,800. ఒక్క నెలలో 2,354 రూపాయల తేడా.

కోడ్‌ల కింద ‘వేతనం’ నిర్వచనం మారింది. బేసిక్, డీఏ, రిటైనింగ్ అలవెన్స్ (పని లేని సీజన్‌లో కార్మికుణ్ని నిలుపుకోవడానికి ఇచ్చే భత్యం) వేతనంలో భాగం. ఇంటి అద్దె, రవాణా, బోనస్, పీఎఫ్‌కు యజమాని వాటా, కమీషన్, ఓటీ వంటివి బయట. ఆ లెక్కన ఇదే కార్మికుడి వేతనం 14,000. గంటకు 67.31, రెట్టింపు 134.62, 24 గంటలకు సుమారు 3,231 రూపాయలు. పాత లెక్కకన్నా 900 రూపాయలకు పైగా తక్కువ. కొత్త నిర్వచనం కొందరికి పీఎఫ్, గ్రాట్యుటీలో మేలు చేయవచ్చు, అద్దె భత్యం ఎక్కువగా ఉన్న కార్మికుడికి ఓటీలో మాత్రం నష్టమే చేస్తుంది. కార్మిక సంఘాలు సెటిల్‌మెంట్ రాసుకునేటప్పుడు ‘ఓటీ మొత్తం జీతం మీద’ అని ఒక వాక్యం చేర్చించుకుంటే ఈ నష్టం పూడుతుంది. కోడ్ చెప్పేది కనీసం రెట్టింపు అని, అంతకు మించి ఇవ్వకూడదని కాదు.

బేసిక్‌ను మరీ కుదించి మిగతాదంతా భత్యాల్లో పెట్టేవారికి కోడ్‌లో ఒక అడ్డుకట్ట ఉంది. మినహాయింపు భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత తిరిగి వేతనంలో చేరుతుంది. బేసిక్ 7,000, అద్దె భత్యం 7,000, రవాణా 4,000 అనుకుందాం. మినహాయింపులు 11,000, సగం 9,000, దాటిన 2,000 వేతనంలో కలుస్తుంది. ఓటీ లెక్క 7,000 మీద కాదు, 9,000 మీద.

తర్వాత భాజకం. 18,000ను 208తో (26 రోజులు, 8 గంటలు) భాగిస్తే 86.54, 240తో భాగిస్తే 75, ‘30 రోజులు, 9 గంటలు’ అని 270తో భాగిస్తే 66.67. వారపు సెలవులు పోగా నెలకు పని రోజులు 26. కనీస వేతనాల జీవోల్లోనూ నెల మొత్తాన్ని 26తో భాగిస్తేనే రోజు కూలి వస్తుంది. సెలవు రోజు కోతకు 26తో భాగించి, ఓటీ దగ్గరికి వచ్చేసరికి 30తో భాగించే కంపెనీలున్నాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఆ తేడా వాళ్ల చేతిరాతలోనే బయటపడుతుంది. ఫిర్యాదులో దీనికన్నా బలమైన పాయింటు దొరకడం కష్టం.

ముక్కల లెక్కన కూలి తీసుకునేవారికి, అంటే కుట్టు యూనిట్లలో పీస్ రేటు మీద ఉన్నవారికి, ‘పీస్‌కు ఇంత ఇస్తున్నాం, ఓటీ ఏమిటి?’ అంటారు. పాత చట్టంలోనే దీనికి జవాబుంది: ఓటీ చేసిన నెలకు ముందు నెలలో అదే పని మీద పూర్తి డ్యూటీ చేసిన రోజుల సంపాదన సగటు తీయాలి, అందులో ఓటీ సొమ్ము కలపకూడదు. ముందు నెల 25 రోజులకు 13,000 వస్తే రోజుకు 520, గంటకు 65, ఓటీ గంటకు 130.

12 గంటల డ్యూటీ అసలు ధర

సెక్యూరిటీ గార్డులు, ఆసుపత్రి హౌస్‌కీపింగ్ వాళ్లు, ఏటీఎం కాపలాదారులు ‘12 గంటల డ్యూటీకి నెలకు ఇంత’ అని ఒకే మొత్తానికి చేరతారు. ఆ మొత్తం కనీస వేతనం కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. కనీస వేతనం 8 గంటల రోజుకు నిర్ణయించేది. వారానికి ఆరు రోజులు 12 చొప్పున 72 గంటలు, 48 పోగా 24 గంటల ఓటీ, రోజుకు సగటున 4. ఆ 4 గంటలకు రెట్టింపు అంటే 8 గంటల కూలి. 12 గంటల డ్యూటీకి 16 గంటల కూలి రావాలి, సరిగ్గా రెండు రోజుల కూలి. ఆ పోస్టుకు జీవోలో ఉన్న నెల కనీస వేతనాన్ని రెండుతో హెచ్చిస్తే వచ్చేదే 12 గంటల డ్యూటీకి కనిష్ఠ మొత్తం. రోజూ ఒక గంట నిజమైన విరామం ఉంటే 14 గంటల కూలి. వారపు సెలవు లేకుండా 30 రోజులూ చేయిస్తే దీనికి పైన ఇంకా కలుస్తుంది. ఏజెన్సీలు టెండర్లలో ఈ అంకెను చూపకుండా తక్కువ కోట్ చేయడం వల్లే గార్డుకు సగం అందుతుంది. ఆ కోట్‌ను ఒప్పుకున్న ఆసుపత్రికీ అపార్ట్‌మెంట్ సంఘానికీ అందులో భాగం ఉంది.

ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు

ఐడీ కార్డు మీది హోదా ఓటీ హక్కును తేల్చదు, చేసే పని తేలుస్తుంది. ‘ఆఫీసర్’, ‘ఎగ్జిక్యూటివ్’, ‘టీమ్ లీడ్’, ‘షిఫ్ట్ ఇన్‌చార్జ్’ అని పేరు మార్చగానే ఓటీ ఆపేయడం అలవాటైపోయింది. ఒక కెమిస్ట్‌కు ‘ఎగ్జిక్యూటివ్’ అని పేరు పెట్టినా, అతను రోజంతా శాంపిల్స్ పరీక్షిస్తూ, సెలవు మంజూరు చేసే అధికారం గాని, ఎవరిమీదైనా చర్య తీసుకునే అధికారం గాని లేకుండా ఉంటే అతను చేసేది సాంకేతిక పని. అతను కార్మికుడే.

భద్రతా కోడ్‌లో ప్రధానంగా మేనేజర్, పాలనాపరమైన పని చేసేవారు కార్మికులు కారు. సూపర్‌వైజరీ పనిలో ఉండి నెల వేతనం 18,000 దాటినవారూ కారు. ఈ 18,000 పరిమితి సూపర్‌వైజర్లకే. మెషీన్ మీద పని చేసే ఫిట్టర్‌కు నెలకు 45,000 వచ్చినా అతనికి పరిమితి ఏదీ లేదు, ఓటీ వస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక సీనియర్ కార్మికులు ఎంతోమంది ‘మనకు జీతం ఎక్కువ, ఓటీ రాదట’ అని ఊరుకుంటున్నారు. పాత చట్టంలో సూపర్‌వైజర్లుగా ప్రకటించినవారికి కూడా వేతన చెల్లింపు చట్టం పరిమితికి లోబడి ఓటీ ఉండేది. 2017 నుంచి ఆ పరిమితి 24,000. ఆ కాలపు బకాయిలకు ఇది పనికొస్తుంది.

కాంట్రాక్టరు కింద ఉన్నవారికి ఫ్యాక్టరీ ఓటీ నిబంధనలన్నీ వర్తిస్తాయి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే కట్టి, తర్వాత అతని బిల్లులో కోసుకోవాలి. అప్రెంటిస్‌ల సంగతి వేరు: అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా వారిచేత అసలు ఓటీ చేయించకూడదు. రిజిస్టరైన అప్రెంటిస్ ఒప్పందం లేకుండా ‘ట్రైనీ’ అని పిలుస్తూ లైన్ మీద నిలబెట్టినవారు మాత్రం అప్రెంటిస్‌లు కారు.

ప్రభుత్వ ఉద్యోగులకు దారి చాలావరకు మూసుకుంది. నాసిక్ సెక్యూరిటీ ప్రెస్ సూపర్‌వైజర్ల కేసులో, ప్రభుత్వ సివిల్ పోస్టుల్లో ఉన్నవారు సర్వీసు నిబంధనల్లో లేని రెట్టింపు ఓటీ అడగలేరని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇళ్లలో పని చేసేవారు, సొంత కారు డ్రైవర్లు కూడా ఈ చట్రానికి బయటే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తమకు ఓటీ లేదనే అనుకుంటారు. తెలంగాణలో ఐటీ సంస్థలకు దుకాణాల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులిచ్చారు, కానీ షరతులతో. వారానికి 48 గంటలు దాటితే ఓటీ వేతనం వాటిలో ఒకటి. ఆ చట్టంలో పూర్తి మినహాయింపు ఉన్నది మేనేజ్‌మెంట్ స్థానంలో ఉండి సంస్థ వ్యవహారాల మీద అజమాయిషీ ఉన్నవారికే. టెస్టింగ్ చేసే ఇంజినీరుకు అలాంటి అజమాయిషీ ఎక్కడిది? హక్కు కాగితం మీద ఉంది. లాగిన్ గంటలను ఎవరూ పని గంటలుగా రాయకపోవడం వల్ల అది కాగితం దాటి రావడం లేదు.

పది గంటల రోజు

2025 జూలై 5న తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవడానికి అనుమతిస్తూ జీవో ఇచ్చింది. దుకాణాలకు అది వర్తించదు. వారం పరిమితి 48 అలాగే ఉంది, మూడు నెలల్లో ఓటీ 144 గంటలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది రోజు పరిమితిని 10 గంటలకు, మూడు నెలల ఓటీ పరిమితిని 75 నుంచి 144కు పెంచే సవరణలు తెచ్చింది. దీంతో రోజు లెక్క బలహీనపడింది, వారం లెక్క ఒక్కటే గట్టిగా నిలిచింది. ‘ఇప్పుడు డ్యూటీయే పది గంటలు’ అని ఆరు రోజులూ పది చొప్పున చేయిస్తే వారానికి 60, అందులో 12 గంటలు ఓటీ. 13 వారాలకు 156, అంటే 144 పరిమితి కూడా దాటిపోతుంది. పది గంటల రోజును ఆరు రోజుల వారంతో మూడు నెలలు నిరాటంకంగా నడపడం ఈ కొత్త నిబంధనల కింద కూడా కుదరదు.

పరిమితి దాటిన గంటల విషయంలో ఒక మోసం నడుస్తుంది. రిజిస్టరులో చూపితే ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటాడని, ఆ గంటలను విడిగా కచ్చా పుస్తకంలో రాసి సింగిల్ రేటుకు చేతికి నగదు ఇస్తారు. పరిమితి దాటించడం యజమాని తప్పు. ఆ తప్పు వల్ల కార్మికుడి రెట్టింపు కూలి రద్దు కాదు.

ఇదంతా మన దేశపు లెక్క. గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ కార్మికులు అక్కడా డబుల్ ఆశిస్తే పొరపాటవుతుంది. యూఏఈ చట్టంలో ఓటీకి మామూలు గంట కూలి మీద కలిసేది బేసిక్‌లో 25 శాతం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం. సౌదీలో 50 శాతం. అక్కడ లెక్క బేసిక్ మీద కాబట్టి, ఒప్పంద పత్రంలో మొత్తం జీతం కాదు, బేసిక్ ఎంత రాశారన్నదే చూసుకోవాలి.

రుజువులు, ఫిర్యాదు

‘ఎనిమిది గంటలకే అవుట్ పంచ్ కొట్టించి మళ్లీ లోపలికి పంపుతారు, రుజువేదీ?’ అన్నది పెద్ద దిగులు. పంచ్ ఒక్కటే రుజువు కాదు. గేటు రిజిస్టరు, కంపెనీ బస్సు ట్రిప్పు షీటు, క్యాంటీన్ టోకెన్లు, ‘రేపు డబుల్ డ్యూటీ’ అని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజీ అన్నీ పనికొస్తాయి. ఫార్మాలో వీటన్నిటికన్నా గట్టిది బ్యాచ్ రికార్డు. ప్రతి దశ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎవరు చేశారు అన్నది సమయంతో, సంతకంతో అందులో ఉంటుంది. మందుల నాణ్యత తనిఖీల కోసం దాన్ని కంపెనీ జాగ్రత్తగా దాచాలి, దిద్దడానికి వీల్లేదు. రాత్రి 9:40కి ఒక ఆపరేటర్ సంతకం అందులో ఉంటే, అతను 6 గంటలకే వెళ్లిపోయాడని హాజరు పట్టీ చెప్పినా నిలబడదు. ఆ రికార్డును బయటికి తేనక్కర్లేదు, తేకూడదు కూడా. బ్యాచ్ నంబరు, తేదీ రాసి పెట్టుకుని, విచారణలో దాన్ని తెప్పించమని కోరితే చాలు.

రోజూ చిన్న పుస్తకంలో ఐదు విషయాలు రాయాలి: తేదీ, ఎక్కిన సమయం, దిగిన సమయం, విరామం ఎంత, ఆగమన్నది ఎవరు. నెలాఖరున కూర్చుని ఒకేసారి రాసినది ఒకే పెన్ను, ఒకే తీరుతో ఉండి చూడగానే తెలిసిపోతుంది. ఖాళీ వోచరు మీద సంతకం పెట్టకూడదు. పేస్లిప్పులో ఓటీని ‘ఇన్సెంటివ్’ అనో ‘ప్రొడక్షన్ అలవెన్స్’ అనో చూపుతుంటే ఆ నెలవన్నీ దాచాలి, గంటలు మాయం చేసిన తీరు అక్కడే దొరుకుతుంది. కోతలూ గమనించాలి: కోడ్‌లకు ముందు కాలంలో ఓటీ మీద ఈఎస్ఐ కార్మికుడి వాటా 0.75 శాతం కోయడం సరైనదే, పీఎఫ్ కోయడం మాత్రం ఎప్పుడూ సరికాదు. ఈఎస్ఐ అర్హత పరిమితి 21,000 చూసేటప్పుడు ఓటీని కలపకూడదు. ఓటీ వల్ల ఒక నెల 22,000 వచ్చిందని ఈఎస్ఐ నుంచి తీసేస్తే అభ్యంతరం చెప్పాలి.

ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా అడగాలి. నెలవారీ పట్టిక జతచేసి, కాంట్రాక్టు కార్మికులైతే కాంట్రాక్టరుకూ ప్రధాన యజమానికీ ఇద్దరికీ పంపి, అందినట్టు రసీదు ఉంచుకోవాలి. తర్వాత కార్మిక శాఖ. సింగరేణి వంటి గనులైతే కేంద్ర కార్మిక శాఖ అధికారుల పరిధి. వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమును కార్మికుడు స్వయంగా వేయవచ్చు, రిజిస్టరైన యూనియన్ వేయవచ్చు, ఇన్‌స్పెక్టర్ కూడా వేయవచ్చు. గడువు మూడేళ్లు. పాత చట్టాల్లో ఇది ఆరు నెలలు, ఏడాది మాత్రమే ఉండేది. బకాయితోపాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారణాధికారికి ఉంది. ఇక 59వ సెక్షన్ (పాత చట్టంలోని 59 కాదు, వేతనాల కోడ్‌లోనిది) ప్రకారం, బకాయి చెల్లించామని రుజువు చేయాల్సింది యజమానే.

ఫిర్యాదు రాసేటప్పుడు ‘ఓటీ సరిగా ఇవ్వడం లేదు’ అని ఒక్క వాక్యంతో వదిలేస్తే నెలల తరబడి వాయిదాలు పడతాయి. ఏ నెల, ఎన్ని గంటలు, వారం లెక్కా రోజు లెక్కా, ఏ మొత్తాన్ని దేనితో భాగించారు, ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్న ఆరు గడుల పట్టిక పెడితే యజమాని దానికి గడి గడికీ జవాబు చెప్పాల్సి వస్తుంది. అప్పుడతను మస్టర్లూ పంచింగ్ డేటా తెచ్చి చూపించక తప్పదు.